తుమ్మెద వాటా

దేవుడి కోసం కోసిన పువ్వుకు దొంగతనం అంటదని మా పిడుగురాళ్లలో చాలామంది నమ్మకం. ఇంకా చీకటి వీడకముందే దోటికర్రలు, ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని వచ్చి, పార్కు గోడ వెంట ఉన్న నందివర్ధనం, మందారం, గన్నేరు ఒక్కటి మిగలకుండా కోసుకుపోయేవాళ్లను ఎవరూ ఏమీ అనరు. అడిగితే "దేవుడికే గదమ్మా" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ పువ్వులు నిజంగానే దేవుడి పటాల ముందుకే చేరతాయి. అందుకే ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. అది మున్సిపాలిటీ సొత్తు గురించిన తగువే అయితే ఒక బోర్డు పెట్టి, జరిమానా వేస్తే తీరిపోతుంది. ఆ పువ్వు మీద తెల్లవారాక రావలసిన ఇంకొకరి ఆకలి ఆధారపడి ఉందే, ఆ ఆకలిని దాటి దేవుడి దగ్గరికి పోయిన పువ్వు నైవేద్యమవుతుందా అన్నది నా ప్రశ్న.

నేను బడిలో తెలుగు చెప్పి రిటైరయిన మనిషిని. మా ఆయన పత్తి, మిరప వేసే రైతు. మా ఇంట్లో పూజ ఉంది, పురుగుమందు డబ్బా ఉంది. రెంటినీ ఒకే కప్పు కింద చూస్తూ బతికినదాన్ని కనుక ఈ మాటలు ఏదో ఒక పక్షం తీసుకుని చెబుతున్నవి కావు.

మా ఊరు సున్నం ఊరు. గుంటూరు జిల్లాలో ఉన్నప్పుడూ, 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లాలో చేరాకా, పిడుగురాళ్ల అనగానే సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. రోడ్డు పక్క చెట్ల ఆకుల అసలు రంగు గట్టి వాన పడితే గాని బయటపడదు. అటువంటి ఊళ్లో ఒక పార్కు, డివైడర్ మీద నాలుగు పూలమొక్కలు మాకు అపురూపం. ఎండాకాలం సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడ కూర్చోవడం ఎంత ఊరటో బయటి ఊరివాళ్లకు చెప్పినా అర్థం కాదు. అయితే ఆ మొక్కల్ని ఎంచినవాళ్లు మనిషి కంటిని ఒక్కదాన్నే తలుచుకుని ఎంచారు. గన్నేరు బారులు తీరి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, పశువు ముట్టదు, నీళ్లు లేకపోయినా బతుకుతుంది. కాని గన్నేరు పువ్వులో తేనె ఉండదు. రంగు చూసి, వాసన చూసి వచ్చిన తేనెటీగ ఉత్త మూతితో తిరిగిపోతుంది. కాగితం పూల సంగతీ అంతంతే. మనం పువ్వనుకునేవి రంగు తిరిగిన ఆకులు, అసలు పువ్వు వాటి నడుమ సన్నటి గొట్టంలా ఉంటుంది, దాని అడుగుకు చిన్న ఈగ నాలుక అందదు. నూరువరహాలు, బిళ్లగన్నేరు కూడా సీతాకోకచిలుకల నాలుకకు కుదిరిన పూలే.

ఇక ముద్దపూలు. రేకమందారం కంటే ముద్దమందారం నిండుగా ఉంటుందని నర్సరీలో అదే ముందు పెడతారు. ముద్ద నందివర్ధనం, ముద్దబంతి, ఆఖరికి శంఖుపుష్పంలోనూ ముద్దరకం వచ్చింది. ఆ నిండుతనం ఎక్కడినుంచి వచ్చింది? మందారంలాంటి పూలలో పుప్పొడి మోయవలసిన కేసరాలే రేకులుగా మారిపోయాయి. మందారం మధ్యలో నిలువుగా లేచే కాడ, దాని చుట్టూ పసుపు గింజల్లా ఉండే పుప్పొడి ముద్దమందారంలో కనబడదు, కనబడినా కొంచెమే. తేనెటీగ పిల్లకు మాంసకృత్తులన్నీ ఆ పుప్పొడిలోంచే రావాలి. మన కంటికి రెట్టింపైన పువ్వు దాని నోటికి దాదాపు ఖాళీ అన్నమాట.

ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి. తేనెటీగ అనగానే పట్టు పెట్టేదే గుర్తుకొస్తుంది. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులున్నాయి, వాటిలో చాలా ఎక్కువ భాగం పట్టు పెట్టవు, రాణి ఉండదు, గుంపు ఉండదు. ఒంటరి ఆడ ఈగ మట్టిలోనో, ఎండిన పుల్లలోనో సన్నటి సొరంగం చేసుకుని, పుప్పొడినీ తేనెనూ కలిపి చిన్న ఉండ చేసి, దానిమీద ఒక గుడ్డు పెట్టి, అర మూసేసి, ఇంకో అర మొదలుపెడుతుంది. చాలా జాతుల్లో పిల్ల రెక్కలొచ్చి బయటికి రాకముందే తల్లి చనిపోతుంది. మా పెంకుటింటి వాసాల్లో గుండ్రటి బెజ్జాలు చేసే నల్లటి తుమ్మెద ఆ కోవదే. గులాబీ ఆకు అంచును కత్తెరతో కోసినట్టు గుండ్రంగా కత్తిరించుకుపోయే ఈగ ఉంది, జనం దాన్ని తెగులనుకుని మందు కొడతారు. అది ఆ ఆకు ముక్కలతో పిల్లకు పొత్తిగుడ్డలు చుడుతోంది. పొట్ట మీద నీలిచారలున్న ఇంకొక చిన్నది ఉంది. దాని మగవి పొద్దుగూకితే గూటికి పోవు, ఏదో ఎండుపుల్లను దవడలతో కరిచి పట్టుకుని, వరసగా వేలాడుతూ నిద్రపోతాయి. పార్కులో నీళ్లపంపు పక్కన పెరిగిన గడ్డిపరకల మీద నేను చూశాను.

ఇవి మనకు చుక్క తేనె ఇవ్వవు. నా ప్రశ్న బరువంతా ఇక్కడే ఉంది. పట్టు తేనెటీగను కాపాడమంటే ఎవరైనా ఒప్పుకుంటారు, అభిషేకానికి తేనె కావాలి గదా. మనకు ఏమీ ఇవ్వని ప్రాణికి మనం బాకీ ఉన్నామా?

లోకం లెక్కలో చూస్తే ఉన్నాం. తంగేడు, వంగ, టమాటా పువ్వుల్లో పుప్పొడి చిన్న సంచుల్లో బిగిసి ఉంటుంది, కొనన మాత్రం సూది మొనంత సందు. తుమ్మెద ఆ పువ్వును కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండా వాటి కండరాలను మాత్రం జోరుగా వణికిస్తుంది. ఝుమ్మని మోత వస్తుంది, పుప్పొడి రాలుతుంది. పట్టు తేనెటీగకు ఈ విద్య తెలియదు. నీలిచారల ఈగకు తెలుసు. గుమ్మడి, దోస పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, వాటి మధ్య ఏదో ఒక ఈగ నడవకపోతే పిందె నిలవదు. మా ఊళ్లో ప్రతి బట్టీ ముందు, ప్రతి కొట్టు గుమ్మానికి దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయ అలా నిలిచిన పిందే. ఆ కాయకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి దండం పెట్టుకునేవాళ్లం దాన్ని నిలబెట్టిన ఈగను తలవం.

అయినా నేను లాభం లెక్క దగ్గర ఆగదలుచుకోలేదు. లాభముంది కాబట్టి కాపాడదామంటే, లాభం లేదని తేలిన రోజు వదిలేయవచ్చన్నట్టే. ధర్మం అలా చెప్పలేదు. గృహస్థుకు నిత్యం చేయవలసిన యజ్ఞాలు ఐదన్నారు పెద్దలు. దేవయజ్ఞం, పితృయజ్ఞం, బ్రహ్మయజ్ఞం, మనుష్యయజ్ఞం, భూతయజ్ఞం. చివరిది ప్రాణులకు తిండి వదలడం. దానికి ప్రతిఫలం ఏ శాస్త్రమూ అడగలేదు. కాకికి ముద్ద పెట్టేది, గోడవార చీమలకు నూక చల్లేది అందుకే. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు వేస్తే చీమకు, పిచ్చుకకు ఆ పూట గడిచేదని మా అత్తగారు చెప్పేది. మా ఊళ్లో ఇప్పుడు ముగ్గులన్నీ రాతిపిండివే. తెల్లగా, మెరుస్తూ, బియ్యప్పిండి కంటే అందంగా వస్తాయి. చీమ దాని మీదుగా నడిచి వెళ్లిపోతుంది. వాకిట్లో ముగ్గుకు పట్టిన గతే పార్కులో పువ్వుకూ పట్టింది. అందం మిగిలింది, అందులో ఉండవలసిన పెట్టుపోత పోయింది. పార్కు డిజైన్ చేసేవాళ్లకు ఈ మాట వినబడాలని నా కోరిక.

పువ్వు ఎవరి కోసం పూస్తుందన్న ప్రశ్న ఒకప్పుడు ఒక జర్మన్ బడిపంతులునూ పట్టుకుంది. క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్ బెర్లిన్ దగ్గరి స్పాండౌలో హెడ్‌మాస్టరు. 1787 వేసవిలో ఒక అడవి జెరేనియం పువ్వు రేకుల అడుగున సన్నటి వెంట్రుకలు చూశాడు. సృష్టికర్త ఒక్క వెంట్రుకనైనా ఊరికే పెట్టడని అతని విశ్వాసం. అవి ఎందుకున్నాయని వెతుకుతూ పోయి, వానచుక్క లోపలి తేనెను పాడుచేయకుండా అడ్డుకుంటున్నాయనీ, ఆ తేనె పురుగుల కోసమేననీ, పువ్వుల రంగులు, గీతలు వాటికి దారి చూపే గుర్తులనీ తేల్చాడు. 1793లో పుస్తకం వేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. మరుసటి ఏడాది ఉద్యోగమూ పోయింది. తర్వాత ఎన్నో ఏళ్లకు డార్విన్ ఆ పుస్తకం విలువ గుర్తించాడు. నన్ను కదిలించింది అతని శాస్త్రం కంటే అతని భక్తి. దేవుడి మీద నమ్మకంతో బయలుదేరినవాడు, పువ్వు మనిషి కోసం కాదన్న నిజం దగ్గరికి చేరాడు. ఆ నిజం అతని నమ్మకాన్ని చెరపలేదు.

మనవాళ్లు ఈ దారిన ఎప్పుడో నడిచారు. బృహదారణ్యకంలో మధువిద్య అని ఒక భాగం ఉంది. దధ్యఙ్ మహర్షి దాన్ని అశ్వినీ దేవతలకు గుర్రపు తలతో చెప్పాడని కథ, చెబితే తల తెంచుతానని ఇంద్రుడు బెదిరించాడు కాబట్టి. ఆ విద్య సారం ఏమిటంటే, భూమి ప్రాణులన్నిటికీ తేనె, ప్రాణులన్నీ భూమికి తేనె. నీళ్లు, నిప్పు, గాలి, ధర్మం, సత్యం, ఒక్కొక్కటీ అంతే. ఎవరూ ఒట్టి తినేవారు కారు, ఎవరూ ఒట్టి తిండి కారు. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత యదురాజుతో తన గురువుల్ని చెబుతూ తుమ్మెదను లెక్కపెట్టాడు. పోతన పేరుతో మనం చదివే తెలుగు భాగవతంలో ఆ స్కంధం రాసింది వెలిగందల నారయ. తుమ్మెద దగ్గర అవధూత నేర్చుకున్నవాటిలో ఈ రెండూ ఉన్నాయి. ఇంటింటా కొద్దికొద్దిగా పుచ్చుకోవడం, రేపటికని కూడబెట్టకపోవడం. పూర్వం వారాలు చేసుకుని చదువుకున్న పేద పిల్లలు ఆ మొదటి పాఠం మీదే బతికారు. పార్కులో ఒకే కొమ్మను బోసి చేసి కవరు నింపుకునేవాళ్లకు అవధూత గురించి తెలియక కాదు, పురాణం విన్నవాళ్లే. ఆ మాట సన్యాసికి చెప్పినదని పక్కన పెట్టేశారు.

బౌద్ధుల ధమ్మపదంలోనూ ఈ పోలిక ఉంది. పువ్వు రంగు, వాసన చెడకుండా తుమ్మెద తేనె తీసుకున్నట్టు ముని ఊళ్లో తిరగాలట. మా ప్రాంతానికి ఈ మాట పరాయిది కాదు. అమరావతి స్తూపం మీద విచ్చుకున్న పద్మాలన్నీ మా పల్నాటి సున్నపురాయి మీద చెక్కినవే. 1816లో బ్రిటిష్ సర్వేయరు కల్నల్ మెకంజీ రెండోసారి అక్కడికి వెళ్లేసరికి స్తూపం చాలావరకు చెదిరిపోయింది, పలకలు కొన్ని ఊళ్లో కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నానికి కాలిపోయాయి. బట్టీల ఊరిదాన్ని కాబట్టి ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా పక్కింటి ఖాలా ఒకసారి చెప్పింది, ఖురానులో పదహారో సూరా పేరే తేనెటీగ అని, కొండల్లో చెట్లలో ఇల్లు కట్టుకోమని దానికి అల్లా ఆదేశం ఇచ్చాడని. ఈగకు నేరుగా దేవుడి మాట అందిందని నమ్మే మతం ఒకటి, ఈగల రూపంలో దేవతే వచ్చిందని నమ్మే మతం ఒకటి, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి మా వీధిలో.

ఆ దేవత శ్రీశైలం భ్రమరాంబ. రెండు కాళ్లవాటి చేత, నాలుగు కాళ్లవాటి చేత చావు లేకుండా వరం పొందిన అరుణాసురుణ్ణి ఆరు కాళ్ల తుమ్మెదల్ని పుట్టించి చంపింది. గుడి వెనక గోడకు చెవి ఆనిస్తే ఝుంకారం వినబడుతుందని, మా పల్నాటి ఆడవాళ్లు వరసలో నిలబడి మరీ వింటారు. నేనూ విన్నాను. ఒళ్లు జలదరించింది. ఆ చెవి అమ్మవారు మనకు ఒకచోట వినడానికే ఇవ్వలేదని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

ఇదంతా మా శివాలయం పంతులుగారితో వాదించాను. మొదట ఒక అనుమానం తీర్చుకున్నాను.

"పంతులుగారూ, ఈగ వాలిన పువ్వు ఎంగిలి కాదా?"

"వాసన చూసిన పువ్వు పనికిరాదంటాం తల్లీ. అది మనుషుల సంగతి. తుమ్మెదకు ఆ దోషం లేదు. దాని ఎంగిలి ఎంగిలైతే పంచామృతంలో తేనె ఎట్లా పోస్తాం?"

"అయితే అవి తిని వెళ్లాకే కోస్తే?"

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఉదయం అర్చన తుమ్మెదల కోసం ఆగదు, నిన్నటి పువ్వు ఇవాళ పెట్టకూడదు. ఆయన ఇబ్బంది నిజమైనదే. నాకు తోచిన మాట చెప్పాను. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు అడిగినవి నాలుగు, ఆకు, పువ్వు, పండు, నీళ్లు. ఆకును ముందు అడిగాడు. పువ్వు తర్వాత పండు అడిగాడు, పువ్వులన్నీ తెల్లవారుజామునే తెంపేస్తే ఆ పండు ఎక్కడినుంచి వస్తుంది? తులసికి, మారేడుదళానికి నిలవదోషం లేదని అందరికీ తెలిసిందే. పొద్దుటి పూజ ఆకుతో కానిచ్చి, పువ్వును సాయంత్రం పూజకు ఉంచవచ్చు. మందారం ఎలాగూ ఒక్కరోజు పువ్వు. పొద్దువాలాక, చీకటిపడక ముందు కోస్తే ఈగలు తమ పని ముగించుకుని ఉంటాయి, మన మందారానికి కాయ నిలవడం అరుదు కనుక చెట్టుకూ నష్టం లేదు. పారిజాతం విషయంలో మనం చేస్తున్నది అదే గదా. రాత్రంతా పూసి, తన పని అయిపోయి, నేల రాలాకే ఏరుకుంటాం. నేల మీద పడిన పువ్వు పూజకు పనికిరాదన్న నియమాన్ని ఆ ఒక్క చెట్టుకు సడలించినవాళ్లకు మొక్కాలనిపిస్తుంది.

పంతులుగారు కాసేపు ఆగి, వినాయకచవితి పత్రిని గుర్తుచేశారు. అక్కడే నా ఆలోచన మలుపు తిరిగింది. 21 పత్రిలో ఏమేమున్నాయో చూడండి. వాకుడు, దాని ఊదాపువ్వు వంగపువ్వు బంధువే, తుమ్మెద వణికిస్తే గాని పుప్పొడి రాలదు. వావిలి, పూసిందంటే చెట్టంతా ఈగల మోతే. రేగు, ఉత్తరేణి, విష్ణుక్రాంత, తులసి, జమ్మి, దానిమ్మ, మామిడి. జిల్లేడు, ఈ చెట్టు పిల్లల్ని కనాలంటే ముఖ్యంగా పెద్ద నల్ల తుమ్మెదే దిక్కు. గన్నేరూ ఉంది, కాదనను. కాని మొత్తం చూస్తే ఏ శాస్త్రజ్ఞుడైనా తుమ్మెదల కోసం తోట వేయమంటే రాసిచ్చే జాబితాకు ఇది చాలా దగ్గర. పైగా వినాయకుడు ఆ మొక్కల్లో అడిగింది ఆకును. పువ్వును ఈగకు వదిలేశాడు.

రాశివనాలు, నక్షత్రవనాలు మన గుళ్లలో, పార్కుల్లో వేస్తున్నారు. పత్రివనం ఎందుకు వేయకూడదు? ఊరి చుట్టూ చేలల్లో ఇప్పుడు పువ్వుకు క్షేమం లేదు. పత్తి విత్తనమే మందు పట్టించి వస్తోంది. 2021లో నల్ల తామరపురుగు మిరప పూలలోనే చేరి పంటను ఎండబెట్టినప్పుడు రైతులు రోజు మార్చి రోజు మందు కొట్టారు, మా ఆయన కూడా. అప్పులు నెత్తి మీద కూర్చుంటే ఎవరు మాత్రం ఆగుతారు? వాళ్లను నిందించే నోరు నాకు లేదు. విత్తనానికి పట్టించే ఆ మందుల్లో మూడింటిని ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పొలాల్లో వాడొద్దని ఆపింది. ఇక్కడ ఆ రోజు వచ్చేదాకా, చేలల్లోంచి తప్పించుకున్న ఈగకు ఊరి నడుమ పార్కు ఒక్కటే నీడ కావచ్చు. ఊరు పొలానికి ఇన్నాళ్లూ బాకీ పడుతూ వచ్చింది, ఈ ఒక్క బాకీ అయినా తీర్చగలదు.

వార్డులో చెప్పినప్పుడు రెండు అభ్యంతరాలు వచ్చాయి. వాకుడుకు ముళ్లు, పిల్లలు ఆడుకునేచోట వద్దన్నారు, అది నిజం, గోడ పక్కన తీగకంచె లోపల వేయాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమన్నారు, అదీ నిజమే, అది ఎలాగూ రోడ్డు పక్క సున్నపుదుమ్ములో తనంతట తానే పెరుగుతుంది, పీకకుండా వదిలేస్తే చాలు. మిగతావాటికి అడ్డేమీ లేదు. గోడ వెంట వావిలి, దాని ముందు రేకమందారం, ఒంటిరేకు శంఖుపుష్పం, మధ్యలో తంగేడు, నీడకు కానుగ, అది మార్చి నుంచి పూస్తుంది, ఎండాకాలం తిండి దొరకని రోజుల్లో ఈగలకు అదే ఆధారం. తులసి వెన్నులు చెట్టుకు బరువని గిల్లేస్తుంటారు, పార్కులో తులసికి మాత్రం వాటిని పూయనివ్వాలి, చిన్న ఈగలన్నీ అక్కడికే వస్తాయి.

ఒక మూల నేలకు టైల్స్ వేయొద్దని కూడా అడిగాను. మట్టిలో గూడు పెట్టే ఈగలకు ఎండ తగిలే ఒట్టి నేల కావాలి. ఇది ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది, ఖాళీ మట్టి కనబడితే పని పూర్తికానట్టు ఉంటుందట కాంట్రాక్టరుకు. నాలుగు ఎండిన వెదురు బొంగులు కట్టగట్టి చెట్టుకు వేలాడదీస్తే తుమ్మెదకు వాసం దొరికినట్టే. తంగేడు గింజకు పెంకు గట్టిది, వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి తొలకరికి వేయాలి. గింజలు నేనే ఏరి ఇస్తానన్నాను. పంతులుగారు తులసి నారు ఇస్తానన్నారు. మల్లెల దగ్గర మాత్రం మేమిద్దరం ఇంకా ఒక మాటకు రాలేదు. సాయంత్రం విచ్చే పువ్వును మొగ్గగానే కోయాలని ఆయన, రాత్రి తిరిగే చిమ్మెటలకూ వాటా ఉందని నేను.